పక్కకు జరిగిన మామ్మగారు

రాజమండ్రిలో ఒక కంటి ఆసుపత్రి. ఉదయం పదిన్నర. వరండాలో గోడ వారన పొడవాటి చెక్క బల్ల, దాని మీద పన్నెండు మంది. అందరి కళ్లలోనూ చుక్కలు పడ్డాయి. కొందరు తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నారు, కొందరు కొంగుతో చెంపలు తుడుచుకుంటున్నారు. కనుపాప బాగా విచ్చుకుంటే గానీ డాక్టరు చూడరు. సిస్టర్ ఒకావిడ చేతిలో టార్చి పట్టుకుని, డాక్టరు గది తలుపు ఉన్న కొస నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి కళ్లూ చూస్తూ వస్తోంది. విచ్చుకుంటే “లోపలికెళ్లండి” అంటుంది. లేకపోతే ఇంకో చుక్క వేసి పక్క మనిషి దగ్గరికి కదులుతుంది.

మూడో చోట కూర్చున్నాయన లేచి లోపలికి వెళ్లాడు. ఖాళీ కనబడగానే ఆయన తర్వాత ఉన్నవాళ్లంతా, ఎవరూ చెప్పకుండానే, ఒక్కో మనిషి మేర తలుపు వైపు జరిగారు. నాలుగో చోట ఉన్న నీలం చీర మామ్మగారు మూడో చోటికి వచ్చారు. ఆవిడ పక్కనున్న పెద్దాయన నాలుగో చోటికి వచ్చాడు. సిస్టర్ ఈలోగా చేతిలో కాగితం మీద ఏదో రాసుకుని, తలెత్తి, ఒక అడుగు ముందుకేసి నాలుగో చోట ఉన్న కళ్లలోకి టార్చి వేసింది. అవి పెద్దాయన కళ్లు. మామ్మగారి కళ్లు ఎవరూ చూడలేదు. ఆవిడ కూడా ఏమీ అనలేదు. తన వంతు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందిలే అన్నట్టు చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

బల్ల చివర తల్లి పక్కన నిలబడి ఇదంతా చూస్తున్న ఒకామెకు మనసులో కలుక్కుమంది. హైదరాబాదులో పదిహేడేళ్లుగా జావాలో ప్రోగ్రాములు రాస్తున్న మనిషి ఆమె. తల్లికి శుక్లాల ఆపరేషను ఎప్పుడు చేయించాలో కనుక్కుందామని రెండు రోజులు సెలవు పెట్టుకుని వచ్చింది. సిస్టర్ ఎక్కడా అశ్రద్ధ చేయలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అంటూ వరస తప్పకుండానే చూసుకుంటూ వచ్చింది. బల్ల మీద మనుషులూ తప్పు చేయలేదు, ఖాళీ వస్తే జరగడం మర్యాద. అయినా మధ్యలో ఒక మనిషి జారిపోయింది. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కానప్పుడు ఈ తప్పు ఎక్కడి నుంచి వచ్చినట్టు? ఈ ప్రశ్న ఆమెకు కొత్తది కాదు. ఉద్యోగం మొదలైన నాటి నుంచీ ఆమె వెంట తిరుగుతున్నదే.

2006లో ఆమె అమీర్‌పేటలో జావా నేర్చుకుంది. మైత్రీవనం చుట్టూ గోడల నిండా, స్తంభాల నిండా కోర్సుల బ్యానర్లు. ఒక్కో హాల్లో ఊపిరాడనంత మంది. వెనక వరసలో నిలబడి రాసుకున్న నోట్సు, జిరాక్సు షాపుల ముందు క్యూలు. అప్పటికి జావా ఐదో వెర్షను వచ్చి రెండేళ్లు. అందులో వచ్చిన కొత్త ఫర్ లూపు అంటే అందరికీ ముచ్చట. జాబితాలో ఉన్న ప్రతి వస్తువూ దానంతటదే చేతిలోకి వస్తుంది, అంకెలు వేసుకోనక్కర్లేదు, ఎక్కడ మొదలు ఎక్కడ ఆఖరు అని చూసుకోనక్కర్లేదు. ఆ లూపు లోపల, జాబితాలో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా అందించే ఇటరేటర్ ఒకటి దాక్కుని నడుస్తోందని, ఆ దాక్కోవడమే ముందు ముందు చిక్కు తెచ్చిపెడుతుందని ఆ హాల్లో చెప్పారో లేదో ఆమెకు గుర్తు లేదు. చెప్పినా నోట్సులో లేదు.

మొదటి ఉద్యోగంలో మూడో వారం అనుకుంటా, ఆ చిక్కు ఎదురైంది. ఒక అర్రే లిస్టులో చెల్లని ఆర్డర్లను తీసేయాలి. ఆమె ఫర్ లూపు రాసింది. చెల్లని ఆర్డరు కనబడగానే, లూపు నడుస్తుండగానే, లిస్టును పిలిచి దాన్ని రిమూవ్ చేయమంది. ప్రోగ్రాము రెండడుగులు వేసి ఆగిపోయింది. తెర మీద ఎర్రటి అక్షరాల్లో ఒక పొడవాటి పేరు: కన్‌కరెంట్ మాడిఫికేషన్ ఎక్సెప్షన్. కన్‌కరెంట్ అంటే ఏకకాలంలో అని కదా? అంటే తను చూస్తుండగా ఇంకెవరో, మరో థ్రెడ్డు, లిస్టును కదిలిస్తోందన్నమాట. ఆ రెండో థ్రెడ్డు కోసం ఆమె సాయంత్రం దాకా వెతికింది. రెండో థ్రెడ్డు లేదు. నడిచేదీ తనే, తీసేసేదీ తనే. నడుస్తున్న చేతికి తెలియకుండా రెండో చేయి తీసేస్తోంది, అంతే. ఆ పేరు ఎందరు కొత్తవాళ్లను ఇలా తప్పుదోవ పట్టించిందో! ఒకే థ్రెడ్డులో కూడా ఈ ఎక్సెప్షన్ వస్తుందని జావా డాక్యుమెంటేషనే చెబుతుంది. కానీ ఎర్రక్షరాలు చూసి కంగారుపడ్డవాళ్లు డాక్యుమెంటేషను దాకా వెళ్లేది ఆఖరునే.

లోపల జరిగేది నిజానికి చాలా చిన్న సంగతి. అర్రే లిస్టు తన దగ్గర మోడ్‌కౌంట్ అనే ఒక అంకె దాచుకుంటుంది. ఏదైనా చేర్చినా, తీసేసినా ఆ అంకె ఒకటి పెరుగుతుంది. ఉన్నచోటే ఒక విలువ మార్చి ఇంకొకటి పెడితే పెరగదు, ఎందుకంటే అప్పుడు ఎవరూ పక్కకు జరగరు. ఇటరేటర్ పుట్టేటప్పుడు ఆ అంకెను తన చీటీ మీద రాసుకుంటుంది. తర్వాత ‘నెక్స్ట్’ అని అడిగిన ప్రతిసారీ చీటీ మీది అంకె, లిస్టులోని అంకె ఒకటేనా అని చూసుకుంటుంది. తేడా ఉంటే, నేను నడుస్తున్న బల్ల నాకు చెప్పకుండా కదిలింది, ఇక నా లెక్కను నేనే నమ్మలేను అని అక్కడికక్కడే ఆగిపోతుంది. ఎర్రక్షరాల అర్థం అదే. అది నిజాయితీ. ఆసుపత్రి వరండాలో సిస్టర్‌కు ఆ చీటీ లేదు.

అయితే ఇటరేటర్ చీటీకి కూడా ఒక కన్నం ఉంది. అది తెలిసిన రోజు ఆమెకు నిద్ర పట్టలేదు. ఒక లిస్టులో ఐదు పళ్ల పేర్లు వరసగా పెట్టండి: అరటి, బత్తాయి, జామ, సపోటా, దానిమ్మ. ఆ కొత్త ఫర్ లూపులోనే నడుస్తూ జామను లిస్టు నుంచి తీసేయండి. ఎక్సెప్షన్ వస్తుంది. అరటిని తీసినా, బత్తాయిని తీసినా వస్తుంది. ఆఖరున ఉన్న దానిమ్మను తీసినా, ఇక చూడాల్సింది ఏమీ లేకపోయినా, వస్తుంది. కానీ సపోటాను తీసేయండి. ఏమీ రాదు. లూపు హాయిగా ముగుస్తుంది. ఎర్రక్షరాలు లేవు, ఏ తేడా లేదు. దానిమ్మను మాత్రం ఎవరూ చూడలేదు.

కారణం ఇది. అంకెల్ని సరిపోల్చే పని ‘నెక్స్ట్’ది. ఇంకేమైనా మిగిలిందా అని అడిగే ‘హ్యాజ్‌నెక్స్ట్’ ఆ పని చేయదు, తను ఎంతవరకు వచ్చిందో, లిస్టు పొడుగెంతో మాత్రమే చూస్తుంది. సపోటా చూసేసరికి నాలుగు దాటాయి. సపోటా పోయాక లిస్టు పొడుగు కూడా నాలుగే. నాలుగూ నాలుగూ సరిపోయాయి, కాబట్టి పని అయిపోయిందనుకుంటుంది. దానిమ్మ తీసినప్పుడు ఐదు దాటి, పొడుగు నాలుగవుతుంది, రెండూ కలవవు, అందుకని ఇంకా ఉందనుకుని ‘నెక్స్ట్’ను పిలిచి పట్టుబడుతుంది. చివరి నుంచి రెండోదాన్ని తీసేసినప్పుడు మాత్రం నిశ్శబ్దం. ఈ కాపలా శక్తిమేరకు చేసేదే తప్ప హామీ కాదని, తప్పులు పట్టుకోవడానికే దీన్ని వాడాలి గానీ దీని మీద ఆధారపడి ప్రోగ్రాము రాయకూడదని జావా రచయితలు ముందే రాసిపెట్టారు. ఆ హెచ్చరికలో ఇన్నేళ్లకు ఆమెకు కనబడుతున్న భావం ఒకటే: అరుపు వినబడలేదంటే అంతా బాగున్నట్టు కాదు.

అరుపు లేని తప్పు ఎంత దూరం పోతుందో ఆమె రెండో ఉద్యోగంలో చూసింది. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. రోజూ రాత్రి లక్షల మందికి ఫోను సందేశాలు పంపే వ్యవస్థ అది. “మాకు వద్దు” అని చెప్పినవాళ్ల పేర్లు ఆ రాత్రి జాబితాలోంచి తీసేశాకే పంపాలి. ఎవరో ఎప్పుడో రాసిన లూపు అక్కడ నడుస్తోంది. అందులో ఇటరేటర్ లేదు. సున్నా నుంచి మొదలయ్యే అంకె వేసుకుని, వద్దన్నవాళ్లు కనబడితే ఆ అంకె చోట ఉన్న పేరు తీసేసి, అంకెను ఒకటి పెంచి ముందుకు పోవడమే. అంకెల లూపుకు చీటీ ఉండదు, ఎక్సెప్షన్ రాదు. ఒక గృహిణి దగ్గర నుంచి ఫిర్యాదు వచ్చింది: ఇప్పటికి మూడుసార్లు వద్దన్నాను, మా ఆయనకు ఆగిపోయాయి, నాకు మాత్రం రోజూ వస్తున్నాయి అని. సిబ్బంది ఆమె వివరాలు తీసి చూస్తే “వద్దు” అని సరిగ్గానే నమోదై ఉంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా సందేశం వెళ్తోంది.

రెండు రోజుల తర్వాత తెలిసింది. భార్యాభర్తలు ఒకే రోజు, ఒకరి తర్వాత ఒకరు పేర్లు నమోదు చేసుకున్నారు. జాబితా నమోదు వరసలో వస్తుంది. ఇద్దరూ వద్దన్నవాళ్లే, ఇద్దరూ పక్కపక్కనే. లూపు భర్త పేరు తీసేయగానే భార్య పేరు ఆయన చోటికి జరిగింది, అంకె ముందుకు పోయింది. మర్నాడు రాత్రి మళ్లీ కొత్త జాబితా, మళ్లీ అదే వరస, మళ్లీ ఆవిడే తప్పిపోవడం. నెలల తరబడి ప్రతి రాత్రీ అదే మనిషి. పరీక్ష కోసం పెట్టుకున్న నమూనా జాబితాలో వద్దన్నవాళ్లు అక్కడొకరు ఇక్కడొకరు ఉన్నారు గానీ ఇద్దరు పక్కపక్కన ఎప్పుడూ లేరు. మనుషుల జాబితాల్లో మాత్రం పక్కపక్కన ఉండడమే మామూలు. మొగుడూ పెళ్లాలు, అన్నదమ్ములు, ఒకే ఊరి నుంచి ఒకే బస్సులో వచ్చినవాళ్లు. ఆ నమూనా తయారుచేసినవాళ్లకు ఇది తట్టకపోవడం తప్పేనా? ఆమెకు ఈ రోజుకీ తేలలేదు. తనకైనా తట్టి ఉండేదా అంటే, తట్టి ఉండేది కాదేమో.

ఇటరేటర్ అనే ఆలోచన వెనక ఈ బాధ తెలిసినవాళ్ల చేయి ఉంది. 1996లో జావా మొదటి వెర్షను వచ్చినప్పుడు వెక్టర్ ఉండేది, దాని మీద నడవడానికి ఎన్యూమరేషన్ ఉండేది. ఎన్యూమరేషన్‌కు చూడడమే తెలుసు, తీసేయడం తెలియదు. 1998 డిసెంబరులో వచ్చిన 1.2 వెర్షనులో జాషువా బ్లాక్ రూపకల్పన చేసిన కలెక్షన్స్ వచ్చాయి. వాటితో వచ్చిన ఇటరేటర్‌కు ఒక కొత్త పని నేర్పారు: నడుస్తూ నడుస్తూ, ఇప్పుడే చూసినదాన్ని తీసేయడం. పాతదానికీ దీనికీ ఉన్న తేడాల్లో మొదటిదిగా డాక్యుమెంటేషన్ చెప్పేది అదే. ఆ తర్వాత 2004లో వచ్చిన ముచ్చటైన ఫర్ లూపు ఈ ఇటరేటర్‌నే కడుపులో దాచేసింది. దాచేసినదాన్ని పిలిచి తీసేయమనడం ఎలా? కుదరదు. అందుకే నడుస్తూ తీసేయాల్సిన పనికి ఆ లూపు పనికిరాదని బ్లాక్ తన ‘ఎఫెక్టివ్ జావా’ మూడో కూర్పులో రాశారు.

ఇటరేటర్ తీసేసేటప్పుడు అర్రే లిస్టు లోపల ఏం జరుగుతుందో ఒకసారి తెరిచి చూస్తే బాగుంటుంది. ఆ కోడు అందరికీ అందుబాటులోనే ఉంది. ముందు, ఆఖరుసారి చూసిన చోట ఉన్నదాన్ని తీసేయమని లిస్టుకు చెబుతుంది. తర్వాత, తను ముందుకు వేసిన అడుగును మళ్లీ ఆ ఖాళీ అయిన చోటికే వెనక్కి తెచ్చుకుంటుంది. ఆపైన, లిస్టులో పెరిగిన మోడ్‌కౌంట్‌ను తన చీటీ మీద కొత్తగా రాసుకుంటుంది. అసలు పని రెండోది. మామ్మగారు జరిగి వచ్చిన చోటికి సిస్టర్ కూడా ఒక అడుగు వెనక్కి వేసి రావడమే అది. ఒకే మనిషిని రెండుసార్లు తీసేయమంటే ఒప్పుకోదు కూడా. ‘నెక్స్ట్’ అనకుండా వరసగా రెండుసార్లు రిమూవ్ అంటే ఇల్లీగల్ స్టేట్ ఎక్సెప్షన్ వేస్తుంది.

ఇటరేటర్ ఊసెత్తకుండా చేసే దారి ఒకటి పాతవాళ్లు చెప్పేవారు: చివరి నుంచి మొదటికి నడవండి. సిస్టర్ తలుపు వైపు నుంచి కాకుండా బల్ల అవతలి కొస నుంచి మొదలుపెట్టి ఉంటే? ఎవరు లేచి వెళ్లినా జరిగేది వాళ్ల తర్వాత ఉన్నవాళ్లు, అంటే అప్పటికే టార్చి పడ్డవాళ్లు. చూడాల్సినవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే ఉంటారు. ఆ సందేశాల వ్యవస్థలో ఆమె ఆ రోజు రాత్రికి చేసిన మరమ్మత్తు ఇదే. ఒక్క లైను మారింది, ఆ గృహిణికి సందేశాలు ఆగాయి.

తర్వాత దాన్ని కూడా మార్చింది. 2014 మార్చిలో జావా 8 వచ్చింది, దానితో రిమూవ్‌ఇఫ్ వచ్చింది. ఎలాంటివాళ్లను తీసేయాలో ఒక షరతు చెబితే చాలు, నడక లేదు, అంకె లేదు, అడుగు వెనక్కి వేయడం లేదు. అర్రే లిస్టులో ఇది పనిచేసే తీరు ఆమెకు చాలా ఇష్టం. అది మొదటి విడతలో ఎవరినీ కదపదు. అందరినీ చూసుకుంటూ పోయి, పోవాల్సినవాళ్లకు గుర్తు మాత్రం పెడుతుంది. రెండో విడతలో ఉండాల్సినవాళ్లను ఒక్క ఊపున ముందుకు జరుపుతుంది. గుర్తులు పెడుతుండగా మధ్యలో షరతు ఎక్కడైనా విఫలమై ఎక్సెప్షన్ వచ్చినా లిస్టు చెక్కుచెదరదు, ఇంకా ఎవరినీ తీయలేదు కనక. ఆపరేషనుకు వెళ్లాల్సినవాళ్ల నుదుటి మీద, ఆపరేషను చేయాల్సిన కంటికి పైన, ముందే చిన్న ప్లాస్టరు ముక్క అంటించి, అందరికీ అంటించాకే వరసగా లోపలికి పంపినట్టు. ఆమె తల్లికి కూడా ఒక నెల తర్వాత కుడి కంటి పైన అలాంటి ముక్కే అంటించారు.

ఇందులో శ్రమ లెక్క కూడా ఉంది. లక్ష పేర్లున్న అర్రే లిస్టులో ఒకటి విడిచి ఒకటి చొప్పున యాభై వేలు తీసేయాలనుకోండి. ఇటరేటర్‌తో తీస్తే, తీసిన ప్రతిసారీ వెనకున్నవాళ్లంతా ఒక్కో చోటు జరగాలి. ఆ జరుగుడులన్నీ కలిపితే దాదాపు 250 కోట్లు. రిమూవ్‌ఇఫ్‌తో అయితే మిగిలే యాభై వేల పేర్లు ఒక్కొక్కటి ఒక్కసారి కదిలితే సరిపోతుంది.

అన్నిటికీ ఇదే మందు అనడానికీ లేదు. నిజంగానే చాలా థ్రెడ్లు ఒకే లిస్టును పట్టుకున్నప్పుడు కథ వేరు. కాపీ ఆన్ రైట్ అర్రే లిస్టు అనేది ఉంది. దాని ఇటరేటర్ బల్లను ఫోటో తీసుకుని ఆ ఫోటోలోని మనుషుల్ని చూస్తుంది. బయట ఎవరు లేచినా, ఎవరు కూర్చున్నా దానికి సంబంధం లేదు, ఎక్సెప్షనూ రాదు. కానీ ఫోటోలోంచి మనిషిని లేపి పంపలేరు కదా, ఆ ఇటరేటర్‌ను తీసేయమంటే ఒప్పుకోదు. పైగా లిస్టులో చిన్న మార్పు చేసినా మొత్తం కొత్త కాపీ రాయాల్సిందే, అందుకని చూసేవాళ్లు ఎక్కువ, మార్చేవాళ్లు తక్కువ ఉన్న చోటే అది దండగ కాదు. ఇక కన్‌కరెంట్ హ్యాష్‌మ్యాప్ మీద నడిచే ఇటరేటర్ ఎవరు తీసేసినా గోల చేయదు. నడక మొదలయ్యాక జరిగిన మార్పులు దానికి కనబడొచ్చు, కనబడకపోవచ్చు. లిస్ట్ డాట్ ఆఫ్‌తో కట్టిన లిస్టులోంచి ఎవరూ, ఏ దారినా, దేన్నీ తీయలేరు.

పక్క భాషలవైపు చూస్తే జావా అరవడం ఎంత మేలో తెలుస్తుంది. పైథాన్‌లో లిస్టు మీద నడుస్తూ అందులోంచే తీసేస్తే అది ఏమీ అనదు, పక్కది వదిలేసి పోతుంది, సరిగ్గా ఆ వరండాలోలాగే. డిక్షనరీ విషయంలో మాత్రం సైజు మారిందని ఆగిపోతుంది. సి ప్లస్ ప్లస్‌లో వెక్టర్ నుంచి ఒకటి చెరిపేశాక పాత ఇటరేటర్‌ను పట్టుకుని నడిస్తే ఏమవుతుందో ఆ భాష హామీ ఇవ్వదు. చెరిపే ఫంక్షను తిరిగి ఇచ్చే కొత్త ఇటరేటర్‌ను పట్టుకోవాలి.

వరండాలో ఇదంతా ఆమె తలలో తిరిగింది కొన్ని నిమిషాలే. సిస్టర్ బల్ల చివరకొచ్చి ఆమె తల్లి కళ్లలోకి టార్చి వేసింది. “ఇంకో పది నిమిషాలు కూర్చోండమ్మా” అని మరో చుక్క వేసింది. వెనక్కి తిరగబోతుంటే ఆమె మెల్లగా అంది: “సిస్టర్, ఆ నీలం చీర మామ్మగారి కళ్లు చూడలేదండి మీరు. ఆవిడ ముందుకు జరిగారు.” సిస్టర్ నమ్మలేనట్టు కాగితం చూసుకుంది. ఒకటికి రెండుసార్లు మనుషుల్ని లెక్కపెట్టింది. గబగబా వెనక్కి వెళ్లి మామ్మగారి ముందు వంగి టార్చి వేసింది. “అయ్యో మామ్మగారూ, ఎప్పుడో విచ్చుకుపోయాయి కదండీ! ఒక్క మాట చెప్పొద్దూ?” అంటూ చేయి పట్టుకుని లేపి లోపలికి తీసుకెళ్లింది. బల్ల మీద ఉన్నవాళ్లు మళ్లీ ఒక్కో మనిషి మేర జరిగారు. ఈసారి సిస్టర్ బయటికి వచ్చాక అవతలి కొస నుంచి మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు, తనకే తట్టింది.

ఆమె సెలవు ముగిసి ఆఫీసుకు వెళ్లిన మొదటి రోజున తన బృందం రాసిన కోడులో ఇలాంటి లూపులన్నీ వెతికింది. పదకొండు దొరికాయి. మూడు తప్పు, వాటిలో రెండు ఎన్నడూ అరవనివి. మీ దగ్గరా పాత జావా కోడు ఉంటే ఒక పూట కేటాయించి చూడండి. పోవాల్సినవి రెండు పక్కపక్కన ఉన్న జాబితా ఒకటి, చివరి నుంచి రెండోదీ చివరిదీ రెండూ పోవాల్సిన జాబితా ఒకటి, అన్నీ పోవాల్సిన జాబితా ఒకటి తయారుచేసుకుని ఆ లూపులకు ఇచ్చి చూడండి. ఎర్రక్షరాలు వచ్చాయా లేదా అని కాదు, ఆఖరున జాబితాలో ఎవరు మిగిలారో పేరుపేరునా లెక్కపెట్టండి.